మనిషికి లీటరు నీళ్లు

డైటీషియన్ల సంఘం ఆఫీసు నుంచి ఫోన్ చేసిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. నాకు పని నేర్పిన అక్క పోయిందన్న వార్త అందరికీ తెలిసింది కాబట్టి సంఘం పత్రికలో వేయడానికి నాలుగు ముక్కలు రాసివ్వాలట. ఏళ్ల తరబడి పక్కన పనిచేసినదాన్ని కాబట్టి నేనే రాయాలట. "సౌమ్యురాలు, అందరినీ కలుపుకుపోయేవారు... అలా ఉంటే బాగుంటుంది మేడమ్" అంది. నవ్వుతున్న ఫొటో ఒకటి కావాలని కూడా అంది.

"ఆమె ఎవరిని కలుపుకుపోయిందమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల ఆమెను చూసి కూడా ఉండదు, ఏం చెబుతుంది పాపం. రాస్తానని చెప్పి పెట్టేశాను.

ఆమె సౌమ్యురాలు కాదు. ఎవరినీ కలుపుకుపోలేదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు గనక, నాకు తెలిసినంతలో అదే ఆమెలోని మంచి అని రాస్తున్నాను. నచ్చకపోతే వేసుకోవద్దు.

రాయచూరులో మూత్రపిండాలు పాడైనవాళ్లకు ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పడం ఆమె ఉద్యోగం. డైటీషియన్ అంటే ఊళ్లో చాలామందికి తెలియదు. "ఉప్పు వద్దనే అక్క" అంటే రిక్షావాడు కూడా ఆసుపత్రి దాకా దింపేవాడు. నేను ఆమె దగ్గర చేరిననాటికి నాకు డిగ్రీ తప్ప ఇంకేమీ లేదు. మాది తుర్విహాళ దగ్గర, కాలవ నీళ్లు వచ్చాక వరి వేసుకుందామని గోదావరి వైపు నుంచి తాత వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆమెది అచ్చంగా పాత రాయచూరు, గంజ్ బజారులో కిరాణా దుకాణం ఉన్న ఇల్లు. మొదటిరోజు నేను చేతులు కట్టుకుని నిలబడి "మేడమ్, నేను..." అని మొదలుపెట్టాను.

"మేడం గీడం వద్దు, అక్క అను" అంది. అని, కుర్చీలోంచే వంగి నా చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఒంట్లో నీరు చేరితే నొక్కినచోట గుంట పడుతుంది. నాకు పడలేదు.

"మంచిగున్నయ్. పో, పని చూస్కో" అంది. నన్ను ఉద్యోగంలో చేర్చుకోవడం అంటే అంతే.

ఆ నొక్కడమే ఆమె నమస్కారం. ఎవరు కలిసినా ముందు కాళ్లవైపే చూసేది. పెళ్లిళ్లకు ఆమెతో వెళితే తల తీసేసినట్టుండేది నాకు. పెద్దవాళ్ల ముందు వంగేది. వాళ్లు కాళ్లకు దండం పెడుతోందనుకుని తల మీద చెయ్యి పెట్టి దీవించబోయేవాళ్లు. ఈమె కింద నుంచి "ఈ వాపు ఎప్పటిసంది ఉన్నది పెద్దమ్మా? అప్పడాలు బంద్ చెయ్" అనేది. దీవెన సగంలో ఆగిపోయేది.

వాళ్ల అన్న దుకాణంలో ఉప్పు బస్తాలు వీధిలోకి వచ్చేదాకా పేర్చి ఉండేవి. ఈమె ఆ దుకాణం అరుగు మీదే కూర్చుని, పక్కింటావిడకు ఉప్పు ఎందుకు తగ్గించాలో చెప్పేది. అన్న లోపల నుంచి, "ఏందమ్మా, గిరాకీ మొత్తం పోగొడ్తవా ఏంది" అని మొత్తుకునేవాడు. "నువ్వు అమ్ము, నేను మాన్పిస్త. ఇద్దరం బతుకుతం" అనేది.

రోగులతో కూడా అంతే. పచ్చడి తిన్నావా అని ఎవరినీ అడగలేదు. "తిన్నవా అని అడుగుతలేను. ఎంత తిన్నవ్?" అనేది. లేదని చెప్పడానికి దారే ఉండేది కాదు. ఇళ్లకు వెళ్లేది. వెళ్లి, వాళ్ల వంటింట్లో జాడీ మూతలు తీసి చూసేది. పాలల్లో భాస్వరం ఉంటుందని పాలూ పెరుగూ కూడా కొలిచే పోయించేది. బంగాళాదుంపలు చెక్కు తీసి, చిన్నముక్కలు కోసి, నీళ్లలో నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోయడం కోడళ్లకు దగ్గర నిలబడి చేయించేది. కూర చప్పగా ఉందని మొగుళ్లు అలిగేవాళ్లు. "నాలుకకు నేను డాక్టర్ గాను" అని లేచి వచ్చేసేది. ఆమెను తిట్టుకోని ఇల్లు మా రోగుల్లో ఒక్కటి లేదు. నేనూ తిట్టుకున్నాను, చాలాసార్లు.

అన్నిటికన్నా పెద్ద గొడవ నీళ్లతో. డయాలసిస్ మీద బతికేవాళ్లకు తాగిన నీళ్లు బయటికి పోయే దారి ఉండదు. ఒంట్లోనే ఉండిపోయి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. అందుకని రోజుకు ఇంత అని కొలిచి ఇస్తాం. రాయచూరు ఎండల్లో ఆ మాట ఒక మనిషితో చెప్పి చూడండి. కృష్ణ పక్కనుంచి పారుతుంటుంది, వీళ్లు నాలుక పిడచకట్టి మంచుముక్క చప్పరిస్తూ కూర్చుంటారు. మేలో ఆమె కూడా కొన్నాళ్లు వాళ్ల కొలత నీళ్లే తాగేది. నాకు మండిపోయింది. "ఎందుకక్కా ఈ నాటకం? మీరు దాహంతో ఉంటే వాళ్లకేం ఒరుగుతుంది?" అనేశాను.

"నాటకమే. నువ్వు గూడ జెర ఆడి చూడు" అంది.

పంతానికి ఆడి చూశాను. మధ్యాహ్నం కాకముందే వాటర్ కూలర్ దగ్గర గ్లాసు మీద గ్లాసు తాగి వచ్చాను. ఆమె చూసి, తన సీసా మూత బిగించుకుని పనిలో పడింది. అది ఇంకా ఎక్కువ ఒళ్లు మండించింది.

ఇక సంఘం సంగతి. మూత్రపిండ రోగుల ఆహారం చూసే డైటీషియన్లు రాష్ట్రమంతా కలిపినా ఒక హాలులో పట్టేస్తారు. అయినా సంఘం ఉంది, అధ్యక్షులున్నారు, బ్యాడ్జీలున్నాయి. పద్ధతి ఏమిటంటే, ఈసారి ఉపాధ్యక్షురాలిగా ఉన్నవాళ్లు వచ్చేసారికి ఓటింగు లేకుండా అధ్యక్షురాలు అవుతారు. కుర్చీ చేతులు మారే ఆ సభ, ఎక్కబోయేవాళ్ల ఊళ్లోనే జరుగుతుంది. అప్పటిదాకా ఆ కుర్చీ బెంగళూరు దాటి వచ్చింది లేదు. వెనకబడిన జిల్లా నుంచి ఒకరుంటే బాగుంటుందని ఆమెను ఉపాధ్యక్షురాలిని చేశారు. జిల్లాను చూసి చేశారు, మనిషిని చూసి చేయలేదు. చూసి ఉంటే చేసేవాళ్లు కాదు.

ఆమెకు కుర్చీ మీద ఆశ లేదని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఉంది, చాలా ఉంది. మా రోగుల చేతికిచ్చే ఆహారపు చీటీలు సంఘమే అచ్చు వేసేది. అందులో బ్రౌన్ బ్రెడ్డు, ఆపిల్ ముక్క, కార్న్‌ఫ్లేక్స్. జొన్నరొట్టె మాటే లేదు. కల్లూరు నుంచి వచ్చిన రైతు ఆ చీటీ చూసి, ఇక తిండే లేదనుకుని ఏడ్చాడు. "కుర్చీ ఎక్కినంక ముందు ఆ చీటీలు చింపుత. రొట్టె ఎంత, పప్పు ఎంత, మనోళ్లు తినేది రాసి, మనోళ్ల భాషల్ల కొట్టిస్త" అనేది ఆమె. వాళ్ల అన్న అప్పటికే గంజ్‌లో అందరికీ మా చెల్లె ప్రెసిడెంటు అయితున్నదని చెప్పేసుకున్నాడు.

ఇంతలో బెంగళూరు సభ వచ్చింది. ఆదర్శ రోగి అని ఒకరిని సన్మానిద్దామని సంఘం అనుకుంది. మా దగ్గర ఒకాయన ఉండేవాడు, దేవసూగూరు మనిషి. కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద బొగ్గు దింపే పని చేసి చేసి, కిడ్నీలు పోయాక డయాలసిస్‌కు వస్తుండేవాడు. చెప్పినది చెప్పినట్టు చేసే మనిషి. ఆయన్ని ఆమె, నేను రైల్లో వెంటబెట్టుకుని వెళ్లాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

వేదిక మీద కూర్చోబెట్టారు. అధ్యక్షురాలు లేచి శాలువా కప్పింది. తర్వాత ఆయన ఒళ్లో పెద్ద పండ్లబుట్ట పెట్టింది. అరటిపండ్లు, బత్తాయిలు, సపోటాలు. పైన స్ట్రా గుచ్చిన కొబ్బరిబోండం.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఆ బుట్టలో ఉన్నదంతా పొటాషియం, బంగాళాదుంపల నీళ్లతో ఆమె పారబోయించేది కూడా అదే. ఆరోగ్యవంతులకు మంచిది. కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకు రక్తంలో చేరి గుండెను ఆపేస్తుంది. ఈ సంగతి లోకంలో అందరికన్నా బాగా తెలిసినవాళ్లు ఆ హాలులోనే ఉన్నారు. దాని మీద పాఠాలు చెప్పేవాళ్లున్నారు, పరీక్షల్లో ప్రశ్నలు వేసేవాళ్లున్నారు. అందరం చప్పట్లు కొడుతున్నాం. సన్మానమంటే శాలువా, పండ్లబుట్ట. అది చేతులు చేసుకుపోయే పని, అక్కడ చదువు అడ్డం రాదు. ఫొటోగ్రాఫరు ఒక గుక్క తాగమని ఆయనకు సైగ చేశాడు. ఆయన స్ట్రా నోటికి ఎత్తుకున్నాడు.

ఆమె వేదిక చివర కూర్చుని ఉంది. లేచింది. చప్పట్ల మధ్యలోనే నడిచి వెళ్లి ఆయన చేతిలో బోండం లాగేసుకుంది, ఒళ్లో బుట్ట తీసింది. రెండూ తీసుకెళ్లి అధ్యక్షురాలి ముందు బల్లమీద పెట్టింది. మైకు దగ్గరే ఉంది కాబట్టి ఆమె కన్నడంలో అన్న మాట చివరి వరస దాకా వినపడింది.

"మీ కిడ్నీలు బాగున్నాయి కదా మేడమ్. మీరు తినండి."

చప్పట్లు ఆగిపోయాయి. అధ్యక్షురాలి ముఖంలో నెత్తురుచుక్క లేదు. పెద్దావిడ, నలభై మందికి చదువు చెప్పి పైకి తెచ్చిన మనిషి, అదీ నిజమే. అందరి ముందూ అలా అనకుండా చెవిలో చెప్పి ఉండొచ్చు కదా అని ఆ తర్వాత చాలామంది అన్నారు. స్ట్రా నోటి దాకా వెళ్లాక చెవిలో చెప్పే వ్యవధి ఎక్కడుంటుందో నాకిప్పటికీ అర్థం కాదు.

తిరుగు రైల్లో ఆయన శాలువా మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తనవల్లే గొడవైందని అనుకున్నాడు. చివరికి మెల్లగా అన్నాడు. "అంత పెద్దోళ్లు ఇస్తుండ్రు గదా అక్కా, తాగొచ్చునేమో అనుకున్న. మీరు గుంజుకోకుంటే తాగుతుంటి. ఇంటికి తెచ్చి పండ్లు గూడ తింటుంటి."

ఆమె కిటికీవైపు తిరిగింది. మంత్రాలయం దాటేదాకా ఇటు తిరగలేదు.

కొన్నాళ్లకు బెంగళూరు నుంచి కబురు వచ్చింది. అధ్యక్షురాలే ఫోన్ చేసింది. అందరూ నొచ్చుకున్నారు, సంఘం పెద్దలు అవమానంగా తీసుకున్నారు, రాయచూరు సభలో మైకులో ఒక్కసారి క్షమించమని అంటే చాలు, కుర్చీ నీదే అంది. అనకపోతే ఓటింగు పెడతారట. సంఘం కార్యదర్శి, ధారవాడ ఆవిడ, పోటీకి నిలబడుతుందట.

నేను బతిమాలాను. "ఒక్క మాటే కదక్కా. అనేసి కుర్చీ ఎక్కండి. ఆ చీటీలు మార్చండి. ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు తిట్టుకోండి."

"తప్పు నాదైతే కాళ్లు పట్టుకుంటుంటి. మాఫీ అడుగుడంటే ఏంది? ఆ బోండం ఇచ్చుడు మంచిదే, గుంజుకున్నదే తప్పు అని ఒప్పుకున్నట్టు గాదా?"

"ఒప్పుకున్నట్టు కాదు. పెద్దరికానికి ఒక మాట."

"పెద్దరికానికి నేను నమస్తే పెడ్త. మాఫీ అడగ."

వాళ్ల అన్న కూడా వచ్చి చెప్పి చూశాడు. గంజ్‌లో తన మాట పోతుందని ఆయన బాధ. "జిద్దు చేస్తున్నవమ్మా" అన్నాడు. "అవ్, చేస్తున్న" అంది. జిద్దు అంటే మొండిపట్టు, ఆమెకు అది తిట్టు కాదు.

సభ మే నెలలో పెట్టింది. రాయచూరుకు మేలో ఎవరైనా అతిథుల్ని పిలుస్తారా? నేను ఎంత చెప్పినా వినలేదు. స్టేషన్ దగ్గర కల్యాణమండపం మాట్లాడింది. పైగా, సభనాడు పొద్దున మండపం వాళ్లు పెట్టిన మంచినీళ్ల డ్రమ్ములు వెనక్కి పంపించేసింది. ఒక్కొక్కరికి పేరు రాసి ఉన్న లీటరు సీసా చేతిలో పెడుతోంది. పొద్దుగూకేదాకా అదే, మళ్లీ నింపేది లేదు, మన రోగుల లెక్క ఇదే, ఒక్కరోజు చూద్దాం అని ద్వారం దగ్గరే చెబుతోంది. అయిపోయిందనుకున్నాను. చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను.

"అక్కా, మీకు దణ్ణం పెడతాను. మధ్యాహ్నం ఓట్లున్నాయి. గొంతెండినవాళ్లు ఎవరైనా మీకు ఓటేస్తారా? ఈ ఒక్కపూటకీ నీళ్లు పెట్టించండి."

"ఓట్ల కోసం నీళ్లు పొయ్యాల్నా?" అని, నా సీసా నా చేతిలో పెట్టింది.

కూలర్లు వేడిగాలి కొడుతున్నాయి. బెంగళూరు వాళ్లు పొద్దున్నే గటగటా సగం సీసా తాగేశారు. పదకొండు దాటేసరికి పక్కవాళ్ల సీసాలవైపు చూపులు మొదలయ్యాయి. ఉపన్యాసాలు ఎవరూ వినడం లేదు. ఒకావిడ లేచి కోపంగా, ఇది ఆతిథ్యమా, శిక్షా అని అడిగింది. ఈమె శాంతంగానే జవాబు చెప్పింది. "గేటుకు తాళం వేయలేదు. ఎదురుగా దుకాణం ఉంది, సోడా దొరుకుతుంది. వెళ్లి తాగొచ్చు. మన పేషెంట్ల ఇంటి ఎదురుగా కూడా దుకాణం ఉంటుంది."

కొందరు వెళ్లారు. కొందరు పంతానికి కూర్చున్నారు. ఆ కూర్చున్నవాళ్ల మొహాలు చూస్తే వెళ్లినవాళ్లే నయమనిపించింది.

మధ్యాహ్నం అధ్యక్షురాలు లేచి, మన ఉపాధ్యక్షురాలు ఒక మాట చెబుతారు అని మైకు చేతికిచ్చింది. ఆ మాట ఏమిటో అందరికీ తెలుసు. ముందు వరసలో మా దేవసూగూరు మనిషి కూడా ఉన్నాడు. వాళ్ల అన్న పక్కన పెద్ద మల్లెల మాలతో నిలబడ్డాడు, చెల్లెలు చివరి నిమిషంలోనైనా దారికొస్తుందని. నిజం చెప్పాలంటే నేనూ అదే మొక్కుకుంటున్నాను.

ఆమె ముందు అధ్యక్షురాలికి చేతులెత్తి నమస్కారం పెట్టింది. తర్వాత అంది: "పోయిన సభలో నేను చేసినదానికి మీకు కోపం వచ్చిందని తెలిసింది. ఆయన ఇదిగో, ఇక్కడ కూర్చున్నాడు. బతికే ఉన్నాడు. మళ్లీ బోండం ఇస్తే మళ్లీ లాక్కుంటాను. ఇంక ఓట్లు వేసుకోండి."

చేతులెత్తమన్నారు. నేను నా చెయ్యి ఎంత పైకి వెళ్తుందో అంత పైకి ఎత్తాను. చుట్టూ చూస్తే పెద్దగా తోడు కనపడలేదు. కలబురగి వాళ్లు కొందరు, బళ్లారి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ధారవాడ ఆవిడ పేరు చెప్పగానే హాలంతా చేతులే. ఆ సంఘం పుట్టాక ఉపాధ్యక్షురాలిని దాటవేసి వేరొకరిని కుర్చీ ఎక్కించడం అదే మొదటిసారి.

ఆమె ఏడవలేదని రాయను. స్తంభం పక్కకు వెళ్లి, చెంగు కళ్లకు అడ్డం పెట్టుకుని బాగా ఏడ్చింది. ఆ కుర్చీ ఆమెకు కావాలి, అది రాలేదు. ఏడవదా మరి? ముక్కు తుడుచుకుని వచ్చి అన్న చేతిలో మాల తీసుకుంది. "ఎండకు వాడిపోతది, ఎవరికో ఒకరికి ఎయ్యాలె గదా" అని వెళ్లి ధారవాడ ఆవిడ మెడలో తనే వేసింది. వేసి, హాలు వెనక్కి వెళ్లి ఖాళీ సీసాలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

కొత్త అధ్యక్షురాలు చెడ్డమనిషి కాదు. ధారవాడ పేడాల మిఠాయి డబ్బా ఒకటి వెంట తెచ్చుకుంది. గెలుస్తానని తెలిసే తెచ్చుకుంది కాబోలు. వేదిక దిగి స్వయంగా ఒక్కొక్కరికీ పంచుతూ ముందు వరసకు వచ్చింది. మా మనిషి ముందు ఆగి, ఆప్యాయంగా నవ్వి, ఒక పేడా ఆయన అరచేతిలో పెట్టింది.

ఆయన లేచి నిలబడి, మర్యాదగా రెండు చేతులతో తీసుకున్నాడు. నోట్లో పెట్టుకోలేదు. ఆవిడ భుజం మీదుగా, అన్ని కుర్చీల వరసల మీదుగా హాలు చివరికి చూశాడు.

"అక్కా, ఇది తినొచ్చునా?" అని అరిచాడు.

తెలుగు రానివాళ్లకు కూడా అర్థమైంది. అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. ఆమె చంకలో సీసాలతో నడుం ఎత్తి నిలబడి, అంత దూరం నుంచే కళ్లు చికిలించి పేడా ఎంత ఉందో చూసింది.

"పాలది. సగం తిను" అంది.

ఆయన దాన్ని జాగ్రత్తగా రెండుగా విరిచాడు. సగం నోట్లో వేసుకుని, మిగతా సగం కొత్త అధ్యక్షురాలి చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్నీ, హాలు చివరనున్న ఆమెనూ చూసింది. తర్వాత తనే తినేసింది.